పీట కింది చిక్కుడు

కొండ మీద, మన ఇల్లు
ఎండాకాలం చివర

అక్కా,

చేరాను. ఆఖరి మలుపు దగ్గర బస్సు దించేసింది. అక్కణ్నుంచి పెట్టె మోసుకుంటూ నడిచాను. నువ్వు చెప్పినట్టే తలుపును కాస్త పైకెత్తి తిప్పితే తాళం వచ్చింది. నీ కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. సూదిలో నీలం దారం అలాగే ఉంది. తియ్యలేదు.

తోట చూశాను. నీ మాటలు విని పెద్ద తోట అనుకున్నాను. మెట్లుమెట్లుగా నాలుగు మడులు, నాలుగు చాపలంత. పై మడిలో ఉల్లి, మొక్కజొన్న బతికున్నాయి. మిగతావి ఎండిపోయాయి. నువ్వు ఆసుపత్రికి వెళ్లిన దగ్గర్నుంచి నీళ్లు పోసేవాళ్లు లేరట. పాలావిడ చెప్పింది. "మీ అక్క ఉంటే ఇలా ఉండనిస్తుందా?" అంటూ, ఎండబెట్టింది నేనే అన్నట్టు చూసింది. పాలగిన్నె పట్టుకుని లోపలికి వచ్చేశాను.

ప్రెస్సు వాళ్లు నేను దిద్దాల్సిన ప్రూఫులు పోస్టులో పంపడానికి ఒప్పుకున్నారు. నువ్వు తిరిగొచ్చేదాకా ఇక్కడే ఉంటాను. మనుషులతో మాట్లాడాల్సిన పని తక్కువ. నాకు బాగానే ఉంది.

రెండు సందేహాలు. ఎరువు గుంత సగం కూడా నిండలేదు. కింద మలుపులో ఉండే గుర్రాలాయన లద్దె ఊరికే ఇస్తానంటున్నాడు. తేనా? రెండోది, అమ్మ చిక్కుడు గింజల డబ్బా దొరికింది. ఆ మచ్చల గింజలే కదా? అన్నీ వేసేయనా?

నీ చెల్లి


ఆసుపత్రి, మూడో వార్డు

పురుగూ,

నీ ఉత్తరం పక్క మంచం పెద్దావిడకి చదివి వినిపించాను. "చెల్లెల్ని పట్టుకుని పురుగేమిటమ్మా?" అంది. పుస్తకాల పురుగు, నా తోటలో ఏ పురుగుకీ మందు కొట్టను, దీనికీ కొట్టలేదు అన్నాను. దగ్గొచ్చేదాకా నవ్వింది. ఇక్కడ అందరి నవ్వూ దగ్గుతోనే ఆగుతుంది.

నాలుగు చాపలంతా? ఆ మాట అన్నందుకు నిన్ను నేల మీద పడుకోబెట్టాలి. అక్కడ ముందు రాళ్లే ఉండేవి. కొండ మీద మట్టి నిలవదే, వాన పడితే కిందికి పారిపోతుంది. అడ్డంగా రాతి కట్టు కట్టి, దాని వెనక తొక్కలు, ఎండుటాకులు, చింపిన కాగితాలు, నా కత్తిరింపుల్లో మిగిలిన నూలు ముక్కలు, కుళ్లేవన్నీ పోశాను. పోసి పోసి ఆ మట్టి చేశాను. ఒక్క గుప్పెడు కూడా కొన్నది కాదు.

మట్టిని ఎప్పుడూ బట్టలేకుండా ఉంచకు. ఆకులు కప్పు. గిన్నెలు కడిగిన నీళ్లు ఎరువు గుంత వైపు మళ్లించు, వృథా చెయ్యకు. మొలకల చుట్టూ బూడిద చల్లు. అయినా నత్తలు వస్తాయి. పొద్దున్నే ఏరి అవతలి గట్టు మీద వదిలిపెట్టు. మళ్లీ వస్తాయి. మళ్లీ వదిలిపెట్టు. వాటికీ వేరే పనేముంది?

లద్దె తెచ్చుకో. బయటి ఎరువు నేను ఎప్పుడూ ముట్టలేదు కానీ, ఆయన గుర్రాలు ఈ కొండ గడ్డే తింటాయి. భయం లేదు. మడులన్నిటి మీదా మందంగా పరిచెయ్యి.

గింజలు మాత్రం సగమే వెయ్యి. ఇది చెవిలో వేసుకో. అమ్మ ఎప్పుడూ సగం దాచేది. ఆ చిక్కుడు ఇంకెవరి దగ్గరా లేదు. నేను విత్తనానికని పంచిన వాళ్లంతా శుభ్రంగా వండుకు తిన్నారు.

నా ఉత్తరాలు దాచకు. చదివి, చింపి గుంతలో వెయ్యి. వానపాములకి కాగితమంటే ప్రాణం.

నాకు బాగానే ఉంది. ఊపిరి పీల్చడం నేర్పిస్తున్నారు. ఇన్నేళ్లూ తప్పుగా పీల్చానట.

అక్క


కొండ మీద
మొదటి వానల తర్వాత

అక్కా,

గుర్రాలాయన బస్తాలు తనే మోసుకొచ్చి పడేశాడు. పై మడిలో ఉన్న ఉల్లి దగ్గర్నుంచి కింది మడి దాకా పరిచాను. చేతులు రెండు రోజులు వాసన వచ్చాయి. ప్రూఫుల మీద కూడా అంటుకుంది. ప్రెస్సులో ఏమనుకుంటారో.

కింది మడి మూలలో నువ్వు కూర్చునే ముక్కాలి పీట ఉంది. దాన్ని కదపలేదు. నువ్వు వచ్చి కూర్చుంటావు కదా, ఎక్కడిదక్కడే ఉండాలనిపించింది. పీట చుట్టూ వదిలేసి మిగతాదంతా పరిచాను.

సగం గింజలే వేశాను. అన్నీ మొలిచాయి. పొద్దున మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే నా చేయి నాకే కనిపించదు. అందులోనే వంగి, మొలకల్ని వేళ్లతో తడిమి లెక్కపెట్టుకుంటాను. నత్తల్ని వదిలిపెట్టాను. మళ్లీ వచ్చాయి.

ఉత్తరం చింపాలంటే చేయి రాలేదు. దీనికి కోప్పడకు.

నీ చెల్లి


మూడో వార్డు

పురుగూ,

అన్నీ మొలిచాయని చదవగానే వార్డంతా చాటింపు వేశాను. నర్సమ్మ "మీ చిక్కుళ్లు కాస్తే మాకూ పెట్టాలి" అంది. ఇక్కడ పెట్టే కూరకి రంగు తప్ప ఇంకేమీ ఉండదు. కాపు మొదలవగానే ఒక గుప్పెడు కాయలు పంపించు. బస్సులో కిందికి వచ్చే వాళ్లెవరికైనా ఇస్తే గేటు దగ్గర ఇస్తారు. వండించుకోవడానికి కాదు, ఒకసారి చేత్తో పట్టుకోవాలి.

తీగల్ని పందిరి కర్రలకి దారంతో కట్టకు, కోసుకుపోతాయి. నా పెట్టెలో ఎర్ర పేలికలున్నాయి, వాటితో వదులుగా కట్టు.

ఇంకో మాట. తలుపు వెనక నా చలికోటు ఉంది చూడు, దాన్ని పాలావిడకి ఇచ్చెయ్యి. ఆవిడది చిరిగిపోయింది.

అక్క


కొండ మీద
(రాసి, పంపలేదు)

అక్కా,

ఎలా చెప్పాలో తెలియడం లేదు. చిక్కుళ్లు పాడైపోయాయి.

రెండో ఆకు దగ్గర మొదలైంది. కొత్త ఆకు విప్పుకోవడం లేదు. చిన్నపిల్లల పిడికిలిలా లోపలికి ముడుచుకుంటోంది. కాడ మెలి తిరిగి నేలకేసి వంగుతోంది. పురుగు లేదు, మచ్చ లేదు. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని మానేశాను. తక్కువయ్యాయేమోనని పోశాను. పుస్తకంలో చూస్తే పదమూడు తెగుళ్లు రాశారు, ఏదీ ఇది కాదు. పక్కన వేసిన టమాటా కూడా అలాగే అయింది. ఉల్లి, మొక్కజొన్న మాత్రం నన్ను వెక్కిరిస్తున్నట్టు నిటారుగా ఉన్నాయి.

నీకు తెలిసేలోపు సరిచెయ్యాలనుకున్నాను. పాడైన తీగలు పీకి, దాచమన్న సగం గింజలూ వేసేశాను. అవీ ముడుచుకున్నాయి.

డబ్బా ఖాళీ. అమ్మ చిక్కుడు ఇక లేదు. నేను వచ్చిన ఒక్క కాలంలో


కొండ మీద
వానల మధ్య

అక్కా,

చిక్కుళ్లు బాగున్నాయి. కాయలు పంపుతున్నాను. బస్సులో టికెట్టు కొట్టే ఆయన ఆసుపత్రి మీదుగానే వెళ్తాడట, గేటులో ఇస్తానన్నాడు.

పేలికలు కట్టాను. వాన ఎక్కువగా ఉంది. రాతి కట్టు నిలిచింది.

కోటు ఇచ్చెయ్యమన్నావు. మరి చలికాలంలో నువ్వేం వేసుకుంటావు?

నీ చెల్లి


మూడో వార్డు

పురుగూ,

కాయలు అందాయి. పెద్దావిడ ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. నర్సమ్మ వాసన చూసింది. మొత్తానికి మీ అక్కకి వార్డులో పరువు నిలిచింది.

నువ్వు చిన్నప్పుడు ఆకుల బొమ్మలు బాగా గీసేదానివి. బడిలో ఆ పెద్ద సిస్టరు గోడకి కూడా అంటించింది కదా. నాకు మన చిక్కుడు ఆకు ఒకటి గీసి పంపు. గీసే ఓపిక లేకపోతే ఆకే కోసి కాగితాల మధ్య పెట్టి పంపు. తొందరేం లేదు. ఎలా ఉంటే అలాగే పంపు.

అక్క


కొండ మీద

అక్కా,

ఇందులో పెట్టిన ఆకే మన చిక్కుడు ఆకు. విప్పి అతికించాలని చూశాను, చిరిగిపోతోంది. అందుకే అలాగే పెట్టాను.

అన్నీ ఇలాగే అయ్యాయి. దాచమన్న సగం కూడా వేశాను. అవీ ఇంతే. పంపిన కాయలు బజారువి. బుట్ట ముందు నిలబడి, నీ చేతిలో ఏవి బాగుంటాయో అని ఏరాను. అమ్మేవాడు "ఏంటమ్మా, పెళ్లికా?" అన్నాడు.

తిట్టు. ముందే తిట్టి ఉండాల్సింది. "ఎలా ఉంటే అలాగే పంపు" అన్నప్పుడే నీకు తెలిసిపోయిందని అర్థమైంది.

ఇప్పుడు నువ్వు చెప్పు. కోటు పాలావిడకి ఇవ్వలేదు. అది తలుపు వెనకే ఉంది. చలికాలంలో నువ్వేం వేసుకుంటావని అడిగాను. జవాబు రాయలేదు.

నీ చెల్లి


మూడో వార్డు

చిట్టీ,

ఆకు చూశాను. ఇది నీ తప్పు కాదు. నాదే అనుకో, లద్దె తెచ్చుకోమన్నది నేనే.

అది కలుపుమందు. కింద పచ్చికబయళ్లలో గడ్డిని వదిలేసి మిగతా మొక్కల్ని చంపడానికి కొడతారు. ఆ గడ్డి తిన్న గుర్రానికి ఏమీ కాదు. మందు లోపలికి ఎలా వెళ్లిందో అలాగే బయటికి వస్తుంది. చిక్కుడు, టమాటా దాన్ని తట్టుకోలేవు. ఉల్లికీ మొక్కజొన్నకీ ఏమీ కాదు. పూలు అమ్మే ఆవిడ తోట ఒకసారి ఇలాగే పోయింది. ఏ గడ్డో గుర్రాలాయన్ని అడుగు. అడుగు అంతే, దెబ్బలాడకు. నీకెలాగూ దెబ్బలాడటం రాదు.

పైనున్న లద్దె గీకి తీసెయ్యి. ముడుచుకున్న తీగలు గుంతలో వెయ్యొద్దు, అదొక్కటే శుభ్రంగా మిగిలింది. మడుల్ని తరచూ తిరగెయ్యి. ఆ మందుని మట్టిలో ఉండే కంటికి కనిపించని ప్రాణులే తినెయ్యాలి. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువ పట్టొచ్చు. ఇంకో మందు పోసి దాన్ని తీసేస్తాననే వాడొస్తే గుమ్మం ఎక్కనివ్వకు.

బజారు కాయల సంగతి చేతిలోకి రాగానే తెలిసింది. మన చిక్కుడు ఈనె కొస పట్టుకు లాగితే తొడిమ దాకా ఒకేసారి వచ్చేస్తుంది. ఇది మధ్యలోనే తెగింది. లోపల గింజ తెల్లగా ఉంది. నాకు నవ్వొచ్చింది చిట్టీ. కూరకి ఎవరూ కొనని ముదురు కాయలన్నీ ఏరావు నువ్వు. లావుగా ఉన్నాయని కదా? ఆ ముదరడమే మంచిదైంది. కిటికీలో ఎండబెట్టాను. గింజలు గట్టిపడ్డాయి. నర్సమ్మ పొట్లం కట్టి ఇందులో పెట్టింది. వచ్చే కాలం వీటిని ఆ మడి మట్టిలో వేసి చూడు. ఆకు ముడుచుకుంటే మట్టి ఇంకా మారలేదని. విప్పుకుంటే మారిందని. అప్పటిదాకా మంచి గింజ వెయ్యకు.

ఇక కోటు. డాక్టరు మొదట్లోనే చెప్పాడు. నా ఊపిరితిత్తులు ఆ ఎత్తుకి ఇక పనికిరావట. కొండెక్కితే గాలి చాలదు. పోనీ కిందే ఉంటే ఎన్నాళ్లు అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది శుభ్రంగానే ఉంది.

నీకు చెబితే అక్కడ ఉండవు, దిగి వచ్చేస్తావు. తోట పోతుంది అనుకున్నాను. ఇద్దరం ఒకటే పని చేశాం చూడు.

లద్దె పడని చోటు ఎక్కడైనా మిగిలిందా? చూడు.

అక్క


కొండ మీద
వానలు తగ్గాక

అక్కా,

నీ ఉత్తరం చదివి పీట దగ్గరికి పరుగెత్తాను. లద్దె పడని చోటు అదొక్కటే.

పీట కింద ఒక తీగ ఉంది. నేను నాటింది కాదు, గింజలు వేసేటప్పుడు జారిపడినట్టుంది. వెలుతురు కోసం పక్కకి పాకి, పీట కాలు చుట్టుకుని పైకి వచ్చింది. ఆకులన్నీ విప్పుకుని ఉన్నాయి. నేను రోజూ దాని పక్కనుంచే నడిచాను. అప్పుడే మూడు కాయలున్నాయి. ఇంకా పచ్చివి. కొస దగ్గర గిల్లి చూడాలనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

గుర్రాలాయన్ని అడిగాను. రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"ఈ ఏడు కొండ మీద గడ్డెక్కడుందమ్మా? కింద నుంచి మోపులు తెప్పించాను" అన్నాడు.

"దాని మీద మందు కొట్టారు."

"గుర్రాలు బాగానే ఉన్నాయే?"

"గుర్రాలకి ఏం కాదు. మా అక్క చిక్కుళ్లు పోయాయి."

గుర్రం మెడ నిమిరాడు. తర్వాత "మీ అక్కకి తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. "ఏమంది?" "దెబ్బలాడొద్దంది." అప్పుడు ఆయన ముఖం తిప్పుకున్నాడు. నిన్న వచ్చి, లద్దె గీకిన బస్తాలు తనే మోసుకెళ్లాడు.

ఈ మూడు కాయలూ పాలావిడకి అప్పజెప్పి నేను వచ్చేస్తాను. తోట ఎటూ పోదు. నిన్ను చూడాలి.

నీ చెల్లి


మూడో వార్డు

చిట్టీ,

ఇది నర్సమ్మ రాస్తోంది, నేను చెబుతున్నాను. తప్పులుంటే దిద్దకు, ఆవిడ నొచ్చుకుంటుంది.

పీట కాలు చుట్టుకుందా! దానికి నీకంటే తెలివుంది.

ఇప్పుడు రావొద్దు. కాయ తీగ మీదే ఎండాలి. మంచు దిగేముందు గుడ్డ కప్పాలి, ఎండ రాగానే తియ్యాలి. ఒక్క పొద్దున తియ్యడం మరిచినా గింజ బూజు పడుతుంది. పాలావిడ ఆ వేళకి ఊరంతా తిరుగుతూ ఉంటుంది. కాయ ఊపితే గలగలమనాలి. అప్పుడు కోసుకుని రా. నాకు గింజలు చూపించు.

పక్క మంచం ఖాళీ అయింది. వార్డులో నవ్వేవాళ్లు లేరు.

నేను ఉంటాను. నువ్వు వచ్చేదాకా ఉంటానంటున్నాను కదా. రాయి నర్సమ్మా, అదే రాయి.

అక్క


కొండ మీద
చలికాలం పోయాక

అక్కా,

ప్రతి సాయంత్రం కప్పాను. ప్రతి పొద్దున తీశాను. నీ ఎర్ర పేలికలు సరిపోక నీ పాత దుప్పటి కత్తిరించాను. ఒక పొద్దున గుడ్డ తీయగానే గాలికి కాయ గలగలమంది. ఆ పూట బస్సే ఎక్కాను.

మూడో వార్డులో నీ మంచం మీద దుప్పటి మడతలు లేకుండా పరిచి ఉంది. నర్సమ్మ నన్ను చూడగానే "చిక్కుళ్ల చెల్లెలా?" అంది. నువ్వు పోయింది ముందు రోజేనట. కిటికీలో నీ కాగితం కప్పు ఉంది. అందులో ఒక బజారు గింజ నాటుకున్నావు, నాకు రాయలేదు. ఆ గాజు కిటికీ దగ్గర అది తెల్లగా, సన్నగా, పొడవుగా సాగింది. ఆకులు మాత్రం విప్పుకునే ఉన్నాయి. నా చేతిలో గింజలున్నాయి. ఎవరికి చూపించాలో తెలియలేదు. నర్సమ్మ చెయ్యి చాపింది. ఆవిడకి చూపించాను.

రావొద్దన్నావు. అందుకు నీ మీద కోపంగా ఉంది. ఉంటుంది. ఆ గుడ్డ తీస్తున్న ప్రతి పొద్దునా నీ దగ్గర ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఇంకోసారి చెప్పినా నీ మాటే వినేదాన్నని కూడా తెలుసు.

ప్రెస్సుకి రాశాను, ఇక ఇక్కడే ఉంటానని. వాళ్లకి ఇబ్బంది లేదట, కాకపోతే ప్రూఫుల మీద మట్టి పడకుండా చూడమన్నారు. చలికోటు నేనే వేసుకుంటున్నాను. పాలావిడకి నా దుప్పటి ఇచ్చాను. భుజాల దగ్గర నీ కోటు నాకు వదులు.

అమ్మ చిక్కుడు గింజలు అగ్గిపెట్టెలో ఉన్నాయి. వెయ్యలేదు. మచ్చలు అలాగే ఉన్నాయి. నీ పొట్లంలోని తెల్ల గింజలు రెండు డబ్బాల్లో వేశాను, ఒకదాంట్లో గుంత మట్టి, ఒకదాంట్లో మడి మట్టి. గుంత మట్టిలోది విప్పుకుంది. మడి మట్టిలో మొదటి ఆకు ముడుచుకునే వచ్చింది. మడుల్ని మళ్లీ తిరగేశాను, ఆకులు కప్పాను. వచ్చే వానలకి మళ్లీ వేసి చూస్తాను. మంచి గింజ ఈ ఏడు వెయ్యను.

ఈ ఉత్తరాన్ని ఏ వార్డుకి పంపను? చింపి గుంతలో వేస్తాను. వానపాములకి కాగితమంటే ప్రాణమన్నావు కదా. నీవి మాత్రం పెట్టెలోనే ఉన్నాయి, ఒక్కటీ చింపలేదు. కోప్పడితే కోప్పడు.

చినుకు మొదలైంది. మడి డబ్బాలో రెండో ఆకు మొన ఇప్పుడే కనిపిస్తోంది. ఇంకా విప్పుకోలేదు. పీట మీద కూర్చుని చూస్తున్నాను.

నీ చెల్లి